ఆదిశేషు వంట వంతు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఆదిశేషు బండి మలుపు తిరిగిందంటే జనం చేతులు ముక్కుల మీదికి పోతాయి. చాయ్ కొట్టు మలయాళీ షట్టరు సగానికి దించుతాడు. టైర్ల షాపు పఠాన్లు తలగుడ్డ కొంగు మూతికి చుట్టుకుంటారు. 2008 జనవరిలో ఆ బుధవారం పొద్దున మాత్రం అదే జనం మోకాలి లోతు నీళ్లలోకి దిగి, రెండు చేతులూ ఊపుతూ, పెళ్లివారి బస్సుకు ఎదురెళ్లినట్టు ఆ బండికి ఎదురెళ్లారు. ఆదిశేషు అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయట పెట్టి, కొట్టాల్సిన పని లేకపోయినా హారను కొట్టాడు.

కొట్టడా మరి. అతను తోలేది మురుగు ట్యాంకరు. ఆ ఏరియాలో చాలా భవనాలకు మురుగు పోయే కాలువ లేదు. ఒక్కో కట్టడం కింద ఒక్కో సెప్టిక్ ట్యాంకు, దానికో గుండ్రటి ఇనప మూత. ట్యాంకు నిండినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి, మూత తీసి, ఏనుగు తొండం లాంటి గొట్టం దింపి, పంపు ఆన్ చేసి లాక్కుపోవాలి. ఆ ఎవరో ఒకరు ఆదిశేషు. హిందీవాళ్లు దాన్ని గటర్ గాడీ అంటారు, మనవాళ్లు గటర్ బండి అంటారు.

శ్రమలో ఎక్కువ తక్కువలు లేవనీ, చెమట వాసన పవిత్రమనీ వేదికలెక్కి చెప్పేవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరూ ఆదిశేషు పక్క మంచం మీద పడుకోలేదు. వాసన ఉండేది. ఆ సంగతి అందరికంటే ముందు ఆదిశేషుకే తెలుసు. అందుకే గదిలోకి వచ్చే ముందు, పనివాళ్ల గదులుండే క్యాంపు వాకిట్లో ఉన్న బయటి కుళాయి దగ్గర కొబ్బరి నూనె ఒంటికి పట్టించి, ఎర్ర సబ్బుతో రెండు మార్లు తోముకుని, వేరే లుంగీ కట్టుకుని గాని గడప తొక్కేవాడు కాదు. అంత చేసినా పనికి రాలేదు. అతని గొడవ స్నానంతో తీరేది కాదు, పొయ్యితో ముడిపడింది.

అతను పుట్టింది కోనసీమలో, ముక్తేశ్వరం దగ్గర ఒక లంకలో. మేనమామకు పెళ్లిళ్ల వంట మేళం ఉండేది. నిక్కరు తొడిగే వయసు నుంచీ ఆదిశేషు ఆ మేళం వెనకే తిరిగాడు. మొదట కూరలు తరిగాడు, తర్వాత పులుసు మరిగించాడు, మీసాలొచ్చేసరికి గాడిపొయ్యి మీద అయిదు వందల మందికి అన్నం వార్చే వాడయ్యాడు. ముహూర్తాలు లేని నెలల్లో కొబ్బరికాయల లారీ తోలేవాడు. క్యాంపులో వంటవాడి వీసా అని ఏజెంటు చెబితే దుబాయ్ విమానమెక్కాడు. దిగాక చూస్తే ఏజెంటు చెప్పిన క్యాంపూ లేదు, వంటా లేదు. వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్‌కు, ఉన్నవి ట్యాంకర్లు. లారీ తోలగలవా అని అడిగారు. తోలగలనన్నాడు. ఆ ఒక్క మాటతో గరిటె పోయి గొట్టం చేతికొచ్చింది.

గదిలో నలుగురు. సత్యప్రసాద్‌ది రాజమండ్రి, రంగుల కంపెనీలో స్టోర్‌కీపరు, చొక్కా ఇస్త్రీ నలగనివ్వడు. భీమయ్యది కరీంనగర్ పక్క పల్లె, భవనాలకు ఇనప గొట్టాల పరంజా కడతాడు. ఖాదర్ హుస్సేన్ నెల్లూరువాడు, ఏసీ మెకానిక్కు. నాలుగో మనిషి ఆదిశేషు. మెస్సు ఉమ్మడి. వంట మాత్రం ముగ్గురిదే, వంతుల ప్రకారం. ఆ వంతులకు ఒక రూలుంది: ఈయన వంతు ఆయన చేస్తే, ఆయన వంతు వచ్చినప్పుడు ఈయన చేసి తీర్చాలి. జ్వరమొచ్చినా, ఓవర్‌టైం పడినా మినహాయింపు లేదు. వీసా రూల్సు ఎన్నోసార్లు మారాయి గాని ఇది మారలేదు.

ఆదిశేషుకు వంతు లేదు. ఎందుకు లేదో ఎవరూ చెప్పలేదు. అతను గదిలో చేరిన మొదటి వారమే సత్యప్రసాద్ ఎంతో మన్ననగా, "అలిసిపోయి వస్తారు, మీకీ వంట తంటా ఎందుకండీ? మీ వాటా ఇచ్చేస్తే మేం వండి పెట్టేస్తాం కదా," అన్నాడు. ఇంత మర్యాదగా మనిషిని పొయ్యికి దూరం పెట్టడం గోదావరి జిల్లాల వాళ్లకే చేతనవును. మిగతా ఇద్దరూ తలలూపారు. ఆదిశేషు కూడా ఆయ్ అన్నాడు. ఇంకేమంటాడు? దయ చూపిస్తుంటే కాదనడం ఎవరికి వచ్చు?

ఆ తర్వాత రూల్సు వాటంతటవే పుట్టుకొచ్చాయి. బియ్యం బస్తా అతను మోసుకు రావచ్చు, దాని మూతి కుట్టు విప్పకూడదు. గ్యాసు సిలిండరు తేవచ్చు, పొయ్యి వెలిగించకూడదు. ఉల్లిపాయలు వల సంచిలో బిగించి ఉన్నంతసేపే అతని చేతికి తగులుతాయి. శుక్రవారం ముగ్గురూ కలిసి మాంసం వండుతుంటే అతను మంచం మీద కూర్చుని, సత్యప్రసాద్ మసాలా మాడ్చేయడం వాసనతో పసిగట్టి, నాలుక కరుచుకునేవాడు. అయిదు వందల మందికి వండినవాడు నలుగురి కూర తగలబడుతుంటే నోరెత్తకూడదు. అంతకంటే పెద్ద శిక్షను ఏ కోర్టూ వెయ్యలేదు.

ఆ ముగ్గురికీ తెలియని సంగతి ఒకటుంది. లాక్కున్న మురుగును ఊరి బయట ఖాళీ చెయ్యడానికి ట్యాంకర్ల లైనులో నిలబడాలి. ఆ లైను ఒక్కోసారి పూటకు పూట కదలదు. డ్రైవర్లు నిద్రపోతారు, పేకాడతారు, ఇంటికి ఫోన్లు చేసుకుని తిట్లు తింటారు. ఆదిశేషు వండేవాడు. క్యాబిన్‌లో సీటు వెనక ఒంటి పొయ్యి, రెండు గిన్నెలు, బియ్యం, చింతపండు, కారం, ఇంటినుంచి వచ్చిన ఎండురొయ్యల పొట్లం మూతలు బిగించి పెట్టుకున్నాడు. మొదట తన కోసమే వండుకున్నాడు. వెనక బండి గుల్ జమాన్ అనే పఠాను వాసన పట్టి వచ్చాడు. తర్వాత ముందు బండివాడు, గుల్ జమాన్ వెనక బండివాడు. పెషావరు, కేరళ, చిట్టగాంగ్ అన్నీ ఆ ఇసుకలో చాప పరిచి ఆదిశేషు పప్పుచారు జుర్రాయి. అక్కడ అతని పేరు ఉస్తాద్. సాయంత్రం గదికొచ్చి, సత్యప్రసాద్ వండిన నీళ్ల సాంబారు తలొంచుకుని తినేవాడు.

ఆ సంగతి గదిలో చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. చెబితే, గటర్ బండిలో వండుతాడట అని ఇంకో అడుగు దూరం జరుగుతారు. అది అతనికి తెలుసు.

ఇక వాన సంగతి.

ఈ దేశంలో వానంటే మొదటి గంట పండగ. మంగళవారం సాయంత్రం చినుకులు మొదలైనప్పుడు క్యాంపుల వాళ్లంతా డాబాలెక్కి తడిశారు. ఖాదర్ హుస్సేన్ సెల్‌ఫోనులో వాన చప్పుడు భార్యకు వినిపించాడు. బుధవారం పొద్దుటికీ ఆగలేదు. నేల బల్లపరుపు, పైన సిమెంటు, కింద కాలువ లేదు. నీరు మాత్రం ఎక్కడికి పోతుంది? రోడ్లెక్కింది. రోడ్ల మీంచి గోడౌన్లలోకి, గ్యారేజీల్లోకి, మనుషులుండే గదుల్లోకి దిగింది.

తెల్లారకముందే హయాత్ బాషా ఫోను చేశాడు. ట్యాంకర్ యార్డు ఫోర్‌మన్, కడపవాడు, మాటలో ముల్లు లేకుండా మాట్లాడలేడు. ఈపొద్దు మురుగు పని ఖలాస్ అనీ, ఉన్న బండ్లన్నీ వాననీళ్లు తోడాలనీ, ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, చెప్పిన గోడౌన్లు మొదట అనీ, ఎవడన్నా దావలో ఆపి టీ తాగితే వాణ్ణి ఆ నీళ్లలోనే ముంచుతాననీ చెప్పాడు.

ఆదిశేషు బండి తీసుకుని రోడ్డెక్కాడు, నోరు తెరుచుకుపోయింది. వీధులన్నీ కాలువలు. టైర్ల షాపులోంచి టైర్లు బాతుల మందలాగా వరసగా ఈదుకుంటూ పోతున్నాయి, వెనకాల పఠాన్లు సల్వార్లు తొడల దాకా మడిచి, తిడుతూ వాటిని తోలుకొస్తున్నారు. ఒక బెంగాలీ చెక్క పాలెట్ మీద నిలబడి, పరంజా గొట్టంతో నేల పొడుచుకుంటూ, అచ్చం గోదాట్లో నాటుపడవ తోసినట్టు తోసుకుపోతున్నాడు. కార్లు మునిగి, పైకప్పులు మాత్రం తాబేళ్లలా తేలుతున్నాయి. మట్టి తవ్వే షవల్ ఒకటి దర్జాగా ఎదురొచ్చింది. దాని బొచ్చెలో కోట్లు వేసుకున్న మేనేజర్లు ముగ్గురు బూట్లు చంకలో పెట్టుకుని, ఊరేగింపులో దేవుళ్లలాగా బిగుసుకుని నిలబడ్డారు. ఆదిశేషు సలాం కొట్టాడు. అందులో ఒకాయన బూట్ల చేత్తోనే తిరిగి సలాం కొట్టాడు.

అతని ఒంట్లో పాత పెళ్లి వంటవాడు లేచి కూర్చున్నాడు. ఒక్కసారే పంక్తులన్నీ కూర్చున్నప్పుడు, అన్నం ఇటు అని ఒకడు, పులుసు అటు అని ఒకడు అరుస్తున్నప్పుడు ఒంటికి వచ్చే వేడి ఉంటుందే, అదే వేడి.

మొదటి మకాం తివాచీల గోడౌన్. నీళ్లలో తివాచీలు ఉబ్బి ఏనుగు పిల్లల్లా పడున్నాయి. మేనేజరు సాబ్ తనే పరుగెత్తుకొచ్చి గొట్టం కొస అందుకున్నాడు. అది గటర్ పైపు, ముట్టుకోకండి సార్ అని ఆదిశేషు హిందీలో చెబితే, పర్వాలేదు భాయీసాబ్ అన్నాడాయన. భాయీసాబ్! నిన్నటిదాకా ఆయన వాచ్‌మన్‌ను పంపి, ఆ బండిని గేటుకు దూరంగా పెట్టమని చెప్పించిన మనిషి.

పంపు సగంలో ఉండగా జేబులో ఫోను మోగింది. భీమయ్య. వాకిట్లో నీళ్లు నిండాయని, గడప దాటుతున్నాయని, తొందరగా రమ్మని. ముదీర్ గోడౌన్లు అయ్యాక చూస్తానన్నాడు ఆదిశేషు. ఫోను పెట్టేశాక కాసేపు ఈల కూడా వేశాడు. నిజం చెప్పుకోవాలంటే, ఒక పూట నానితే నానుతార్లే అని అతని మనసులో ఒక మూల అనుకుంది. ఆ మూలను అతను గద్దించలేదు.

పంపు ఆపేలోగా మళ్లీ ఫోను.

"శేషన్నా, మూత తీసినమే."

"ఏ మూత?"

"గదే, వాకిట్ల ఇనుప మూత. మోరి మూత."

ఆదిశేషు గొట్టం మీద చెయ్యేసి ఆగిపోయాడు. "ఎవరు తియ్యమన్నారు?"

"సారు. వాళ్ల రాజమండ్రిల వానొస్తె మునిసిపాల్టోళ్లు గట్లనే తీస్తరట, నీళ్లన్ని సుడి తిరుక్కుంట కిందికి పోతయట. గడ్డపార పెట్టి నేనే లేపిన." భీమయ్య గొంతు తగ్గించాడు. "గని అన్నా, కిందికి పోతలేవే. కిందియే పైకొస్తున్నయ్."

ఆదిశేషుకు నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. గొట్టానికి ఆనుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. రాజమండ్రిలో మూత కింద కాలువ ఉంటుంది. ఇక్కడ మూత కింద ఉండేది క్యాంపు మొత్తం రోజూ విడిచే సరుకు. అదీ నిండు కడుపుతో ఉన్న ట్యాంకు. వాన రాకపోతే ఆ రోజు ఖాళీ చెయ్యాల్సింది ఆదిశేషే.

ఫోను చేతులు మారింది. సత్యప్రసాద్. గొంతులో ఇస్త్రీ నలిగిపోయింది.

"శేషుగారూ, మీరొస్తే గాని కాదండి. వంటగది మునిగిపోయిందండి. ఇవాళ వంతు నాదాయె, బియ్యం బస్తా అందులో పడిపోయింది. ఈ చుట్టుపక్కల ఒక్క హోటలూ తెరవలేదండి. ఏం పాలుపోవడం లేదు."

ఆదిశేషు నవ్వు ఆగింది. బియ్యం బస్తా పోయింది. వంటగది పోయింది. హోటళ్లు లేవు. తన సీటు వెనక, మూతలు బిగించిన డబ్బాల్లో, ఏడెనిమిది మందికి చాలే బియ్యముంది. ఆ ఏరియా మొత్తానికి పొడిగా ఉన్న వంట సరుకు బహుశా ఆ గటర్ బండిలోదే. వండి ముందు పెడతాడు. తింటే సరే. ఆకలి లేదండీ, బ్రెడ్డు ముక్క ఉందండీ అని మర్యాదగా తప్పించుకుంటే, ఆ పూటే ట్రంకు పెట్టె ఎత్తుకుని యార్డులోని డ్రైవర్ల షెడ్డుకు వెళ్లిపోతాడు. ఇక ఆ గది గడప తొక్కడు. ఇది అతను ఫోను చెవికి ఆనించుకుని ఉండగానే తేల్చుకున్నాడు.

"వస్తున్నానండి," అన్నాడు.

బాషాకు చెప్పకుండా పోలేడు. చెబితే బాషా ఫోనులోంచి చెయ్యి చాపి కొట్టేటట్టు మాట్లాడాడు. ముదీర్ గోడౌను సగంలో ఇడిసి యాడికి పోతావురా అని. ఆదిశేషు నిమ్మళంగా అన్నాడు: "ఆయ్, మీరెలా అంటే అలాగేనండి బాషాగారూ. కాకపోతే ఆ సెప్టిక్ ఇవాళ మన లైనులో ఉన్నదేనండి. పొంగి రోడ్డెక్కింది. రేపు ఇన్‌స్పెక్టరొచ్చి ఎవరు తియ్యలేదంటే మీ పేరు చెప్పమంటారా, నా పేరు చెప్పమంటారా?"

"రెండే ట్రిప్పులు," అన్నాడు బాషా. "యల్లా, పో."

రెండు ట్రిప్పులతో ఆ చెరువు తేలదని ఆదిశేషుకు తెలుసు. బండి తిప్పుతూనే గుల్ జమాన్‌కు ఫోను కొట్టాడు. వాడు ఇంకొకడికి కొట్టాడు. ఉస్తాద్ ఇంట్లోకి నీళ్లొచ్చాయట అన్న మాట ట్యాంకర్ డ్రైవర్లలో నీళ్లకంటే వేగంగా పాకింది. ఆదిశేషు క్యాంపు వీధిలోకి మలుపు తిరిగేసరికి వెనక అద్దంలో ఒక పచ్చ బండి కనిపించింది, దాని వెనక ఇంకోటి, దాని వెనక రెండు. తలో యార్డులోంచి తలో ట్రిప్పు దొంగిలించుకుని వచ్చేశారు. అన్నీ ఒకేసారి హారన్లు కొట్టాయి. మురుగు బండ్లు బారులు తీరి, నీళ్లను అలలుగా చీల్చుకుంటూ, గోడల మీద నిలబడ్డ జనం చప్పట్లు కొడుతుండగా వచ్చాయి. ఆదిశేషు జీవితంలో అంత బాజాభజంత్రీ అతని సొంత పెళ్లికి కూడా మోగలేదు.

క్యాంపు వాకిలి చూడాలి. తొడ లోతు నీళ్లు, రంగు చెప్పనక్కరలేదు, అందులో తేలేవాటి పేర్లు అసలే చెప్పనక్కరలేదు. భీమయ్య లుంగీ తలకు చుట్టుకుని, గ్యాసు సిలిండరు భుజాన పెట్టుకుని నిలబడ్డాడు. ఖాదర్ హుస్సేన్ మేడ మెట్ల మీద పనిముట్ల పెట్టె, టేబుల్ ఫ్యాను, నలుగురి పాస్‌పోర్టు కాపీలు కాపలా కాస్తున్నాడు. సత్యప్రసాద్ వాకిలి మధ్య బోర్లించిన బకెట్టు మీద, రైస్ కుక్కరు నెత్తిన పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాకు మురుగు చుక్క తగలకుండా నిలబడ్డాడు. కొంగజపం చేసే కొంగ కూడా అంత నిష్ఠగా నిలబడదు.

ఆదిశేషు గొట్టం లాక్కుంటూ దిగాడు. కొస సెప్టిక్ నోట్లోకి దింపి, పంపు లాగుతున్నంతసేపూ అదిమి పట్టాలి. వదిలితే అది పొగరెక్కిన దున్నలాగా ఎగిరి మనుషుల్ని కొడుతుంది. రోజూ హెల్పరు ఉంటాడు. వానకు వాడు ఎక్కడో చిక్కుపడిపోయాడు.

"ఇద్దరు కావాలి," అన్నాడు ఆదిశేషు. "చేతులు లోపలికి పెట్టాలి."

ఎవరూ కదల్లేదు. భీమయ్య సిలిండరు మెట్ల మీద దించి, ముక్కుతో ఒక్కసారి గాలి గట్టిగా వదిలి, వచ్చి గొట్టం పట్టుకున్నాడు. రెండో మనిషి కోసం ఆదిశేషు చుట్టూ చూశాడు. చూపు బకెట్టు దగ్గర ఆగింది. సత్యప్రసాద్ రైస్ కుక్కరును ఎటు పెట్టాలా అని అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. బకెట్టు ఇంకోవైపు తిరిగింది.

మనిషి మొత్తంగా మునిగాడు. కుక్కరు మాత్రం తేలింది.

లేచాడు. జుట్టు, కళ్లద్దాలు, చొక్కా జేబులో పెన్ను, అన్నిటి నుంచీ కారుతోంది. నవ్వడానికి కూడా ఎవరికీ ధైర్యం చాల్లేదు. భీమయ్యే అన్నాడు:

"ఇగ మిగిలిందేముంది సారూ. పట్టు, పైపు పట్టు."

సత్యప్రసాద్ కళ్లద్దాలు తుడుచుకోబోయి, తుడవడానికి పొడి బట్ట ఏదీ లేదని గుర్తించి, వాటిని తీసి కుక్కరులో వేసి, వచ్చి గొట్టం పట్టాడు. ఆదిశేషు వాల్వు తిప్పాడు. పంపు గుర్రుమంది. గొట్టం ఒక్క కుదుపు కుదిపింది, ఇద్దరూ వంగి దాని మీద పడ్డారు, సత్యప్రసాద్ గడ్డం మళ్లీ నీళ్లకు తగిలింది. ఈసారి పట్టించుకోలేదు. "వదలకండి, వదలకండి!" అని అతనే భీమయ్యను గదమాయించడం మొదలెట్టాడు. మూత దగ్గర నీళ్లు మెల్లగా కదిలాయి, తిరిగాయి, సుడి కట్టాయి.

"చూశారా, సుడి తిరుగుతోంది," అన్నాడు సత్యప్రసాద్. రాజమండ్రి మాట చివరికి నిజమైనందుకు అతనికి ఆ స్థితిలోనూ సంతోషం కలిగింది.

ఆదిశేషు బండి నిండగానే గుల్ జమాన్ బండి వెనక్కి వచ్చి నిలబడింది. అది నిండగానే ఇంకోటి. ఖాదర్ హుస్సేన్ కూడా మెట్లు దిగాడు. అవతలి గదుల వాళ్లు చీపుళ్లు, రేకు ముక్కలు, వంట పళ్లాలు పట్టుకుని నీళ్లను మూత వైపు తోశారు. ఎవరో లెక్క పెడుతున్నట్టు అరుస్తున్నారు, ఎవరో పాట అందుకున్నారు, తిట్లు నాలుగు భాషల్లో నడిచాయి. గోడ మీద తడి గీత ఒక్కో ఇటుకా కిందికి దిగుతుంటే చప్పట్లు. మధ్యాహ్నం దాటేసరికి వాన వెలిసింది, వాకిలి నేల కనిపించింది. భీమయ్య ఆ మూతను రెండు చేతులా ఎత్తి, చంటిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా దాని చోట పెట్టాడు.

కష్టం మనుషుల్ని కలుపుతుందంటారు. ఆ గదిలో అందరూ ఏళ్ల తరబడి కష్టపడుతూనే ఉన్నారు, ఏం కలిపింది? ఆ రోజు కలిపింది కంపు. ఎవడికి వాడే తన చెయ్యి వాసన చూసుకుని మొహం తిప్పుకోవడం, తిప్పుకున్న వైపు ఇంకొకడు ఉండడం. ఆదిశేషు ఒంటరిగా స్నానం చేసే బయటి కుళాయి దగ్గర క్యాంపు మొత్తం లైను కట్టింది. అతని ఎర్ర సబ్బు చేతులు మారి మారి పలుచని రేకైపోయింది.

"ముందు కొబ్బరి నూనె పట్టించుకోవాలండి, తర్వాత సబ్బు," అని సత్యప్రసాద్‌తో చెప్పాడు ఆదిశేషు. "లేకపోతే పోదు."

సత్యప్రసాద్ నూనె అందుకున్నాడు. "మీరు రోజూ ఇంత చేస్తారా?" అన్నాడు. ఆదిశేషు కుళాయి కట్టేసి, ఆయ్ అన్నాడు.

అప్పటికి అందరి కడుపులూ అరుస్తున్నాయి. గుల్ జమాన్ మేడ మెట్ల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, గదిలోవాళ్లను దాటి ఆదిశేషునే అడిగాడు:

"ఆజ్ క్యా పకాయేగా, ఉస్తాద్?"

భీమయ్య, ఖాదర్ హుస్సేన్ మొహమొహాలు చూసుకున్నారు. ఈయన వండడమేమిటని ఖాదర్ హుస్సేన్ హిందీలో అడిగాడు. గుల్ జమాన్ అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ట్యాంకర్ల లైనులో ఈ మనిషి చేతి చేపల పులుసు కోసం తాము లైను తప్పి వెనక్కి జరుగుతామనీ, ఈద్ రోజు కూడా తన చెల్లెలి ఇంటికి పోకుండా ఆ లైనులోనే తిన్నాననీ, ఇవాళ బండ్లు ఎందుకొచ్చాయనుకున్నారనీ చెప్పాడు. చివర్న అసూయగా, "మీకేం, నసీబ్ వాలే. రోజూ ఇంట్లోనే తింటారు," అన్నాడు.

సత్యప్రసాద్ గోడ మీద తడి గీతను చూస్తూ నిలబడ్డాడు.

ఆదిశేషు బండి దగ్గరికి వెళ్లాడు. సీటు వెనకనుంచి పొయ్యి, గిన్నెలు, డబ్బాలు ఉన్న గోనె సంచి లాగాడు. అది గటర్ బండిలోంచి వస్తోందని అందరూ చూస్తున్నారు. చూడనీ. మేడ మెట్ల పైన వసారాలో పొయ్యి దించాడు. ఖాళీ సంచి పరిచి గిన్నెలు పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు. వాళ్లు చూస్తున్నారని తెలిసి, వాళ్లకు కనిపించేలాగే కడుక్కున్నాడు. ఉల్లిపాయ తీసి కత్తి పెట్టాడు. ఆ చప్పుడు తప్ప వసారాలో ఇంకో చప్పుడు లేదు.

తర్వాత ఎండురొయ్యలు మూకుట్లో వేశాడు.

ఆ రోజు షార్జా మీద పరుచుకున్న కంపును ఓడించగల వాసన లోకంలో ఎండురొయ్యలదొక్కటే. అది వసారా దాటింది, మెట్లు దిగింది, పక్క గదుల తలుపుల్లోంచి తలకాయలను బయటికి లాగింది. చింతపండు పులుసు మరగడం మొదలెట్టాక భీమయ్య నిలబడలేక పొయ్యి పక్కనే చతికిలబడ్డాడు. ఖాదర్ హుస్సేన్ అడక్కుండానే పళ్లాలు కడుక్కొచ్చాడు. అన్నం వార్చాడు ఆదిశేషు. గుల్ జమాన్‌కు పెట్టాడు, వాడి తోటి డ్రైవర్లకు పెట్టాడు, భీమయ్యకు, ఖాదర్‌కు పెట్టాడు. ఒక పళ్లెం మిగిలింది. దాన్ని నింపి, సత్యప్రసాద్ ముందు పెట్టి, వెంటనే చేతులు వెనక్కి తీసుకున్నాడు. ట్రంకు పెట్టె ఎక్కడుందో, తడిసిందో లేదో అని అప్పుడు గుర్తొచ్చింది.

సత్యప్రసాద్ పళ్లెం వంక చూశాడు. కలిపాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. అందరూ తింటూనే అతన్ని చూస్తున్నారు.

"పులుపు కాస్త ఎక్కువైందండి," అన్నాడు.

ఆదిశేషు మొహం వెలిగిపోయింది. ఆ గదిలో చేరాక అతని వంటకు వంక పెట్టిన మొదటి మనిషి. వంక పెట్టాలంటే తినాలి. "ఆయ్, ఎక్కువేనండి. చింతపండు పాతది," అని ఇంకో గరిటె పోశాడు. పళ్లెం మీద చెయ్యి అడ్డం రాలేదు.

తిన్నంతసేపూ సత్యప్రసాద్ మళ్లీ మాట్లాడలేదు. చెయ్యి కడుక్కునేటప్పుడు, మెస్సు రూలు ఒంటికి పట్టిన మనిషి కనుక, అలవాటుగా అనేశాడు: "ఇవాళ వంతు నాదండి, మీరు చేశారు. మీ వంతు వచ్చినప్పుడు నేను చేసేస్తాను. సరిపోద్ది."

"నాకో వంతుంటే కదండీ," అన్నాడు ఆదిశేషు, గిన్నె గీకుతూ, "మీరు తిరిగి చెయ్యడానికి."

ఖాదర్ హుస్సేన్ తలొంచుకుని ముద్ద వెతుక్కున్నాడు. భీమయ్య వేళ్లు నాకడం ఆపాడు.

"అయితే శుక్రారం అన్నకియ్యిండ్రి," అన్నాడు భీమయ్య. "గా దినం అన్న బదులు సారు చేస్తడు. లెక్క ఖలాస్."

"శుక్రవారం నేనే చేస్తానండి," అన్నాడు ఆదిశేషు. "సారు బాకీ అలాగే ఉండనివ్వండి. ఏమంత తొందర లేదు."

అప్పుడు నవ్వారు. మొదట గుల్ జమాన్ నవ్వాడు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. చివరికి సత్యప్రసాద్ కూడా నవ్వాడు, కళ్లద్దాలు లేవు కాబట్టి మొహం కొత్తగా ఉంది.

నవ్వు పూర్తి కాకముందే బాషా ఫోను. రెండు ట్రిప్పులన్నది రెండు దినాలు కాదురా అనీ, ముదీర్ తలకాయ పగలగొడుతున్నాడనీ, తివాచీలు చేపలు పట్టుకుంటున్నాయనీ. ఆదిశేషు పొయ్యి ఆర్పాడు. సంచి తీసుకోబోయి, తియ్యకుండా వసారాలోనే వదిలేసి మెట్లు దిగాడు. బండెక్కి స్టార్టు చేసేసరికి పైనుంచి సత్యప్రసాద్ పిలిచాడు.

"శేషుగారూ! కొట్లు తెరిచాక ఉల్లిపాయలు పట్రండి, శుక్రవారానికి."

"ఆయ్, సంచి తెస్తానండి."

"సంచి వద్దండి. అందులో సగం కుళ్లినవి ఉంటన్నాయి." సత్యప్రసాద్ వసారా అంచుకు వచ్చి, చేత్తో ఉల్లిపాయ నొక్కి చూస్తున్నట్టు వేళ్లు కదిపాడు. "విడిగా పోసినవి చూడండి. మీరే నొక్కి చూసి, గట్టివి ఏరి పట్రండి."

ఆదిశేషు అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయట పెట్టాడు. వీధి చివర జనం అప్పుడే చేతులూపుతున్నారు.